మేజర్ తమ్ముడు, డిప్యూటీ కలెక్టర్ అక్క: జాతీయ భద్రత కోర్సుల్లో ఎవరికి ఏది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది ఆమదాలవలస. నేను శ్రీకాకుళం జిల్లాలో డిప్యూటీ కలెక్టర్‌ని. తమ్ముడు ఆర్మీలో మేజర్, సర్వీసు తొమ్మిదేళ్ళు దాటింది. ఒక విదేశీ యూనివర్సిటీ పేరుతో 'జాతీయ భద్రతా నాయకత్వం' అని ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాం ప్రకటన ఇద్దరికీ వచ్చింది. ఆరు వారాలు, ఆన్‌లైన్, ఫీజు లక్షల్లో. చేరొచ్చా? మన దేశంలోనే వేరే దారి ఉందా?"

నమస్కారమండీ. ముందు సూటిగా జవాబు, కారణాలు తర్వాత. మీ తమ్ముడుగారు పర్మనెంట్ కమిషన్‌లో (రిటైరయ్యేదాకా ఉండే సర్వీసులో) ఉంటే ఆ డబ్బు ఇప్పుడు పెట్టక్కర్లేదు. ఆయనకి అంతకంటే ఎన్నో రెట్లు మంచి కోర్సు సర్వీసులోనే, పూర్తి జీతంతో ఉంది. దానికి పరీక్ష రాయాలి, ఉన్న సమయమంతా ఆ చదువుకే కావాలి. మీ విషయంలో ఆ ఆన్‌లైన్ కోర్సు దండగ అనను. కానీ అంతకుముందు చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి చేశాక దాని అవసరం ఎంతో మీకే తేలిపోతుంది.

ఈ తరహా చదువు ఎందుకు పుట్టిందో తెలిస్తే ఏది మంచిదో పోల్చుకోవడం తేలిక. పద్నాలుగేళ్ళ సర్వీసు వచ్చేసరికి ఆర్మీ ఆఫీసరుకి తన బ్రిగేడ్ తెలుసు, పోలీసు అధికారికి తన జిల్లా తెలుసు, విదేశాంగ శాఖ అధికారికి తన డెస్కు తెలుసు. ఆ పైస్థాయికి వెళ్ళాక తీసుకోవాల్సిన నిర్ణయం మాత్రం ఏ ఒక్క శాఖదీ కాదు. సరిహద్దులో రోడ్డు వెయ్యాలంటే అటవీ అనుమతి, భూసేకరణ, బడ్జెట్, పొరుగు దేశం స్పందన అన్నీ ఒకేసారి బల్ల మీదకి వస్తాయి. అందుకే వేర్వేరు శాఖల వాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒకే సమస్య ఇచ్చి, గడువు పెట్టి తేల్చమంటారు. లెక్చర్లలో చెప్పేది చాలావరకు పుస్తకాల్లో దొరుకుతుంది. పక్క కుర్చీలో కూర్చున్న నేవీ కమొడోరు మీ ప్రతిపాదన వినీ వినగానే "ఇది నా ఓడలతో కుదరదు" అని ఎందుకు అంటాడో పుస్తకంలో దొరకదు. ఏ కోర్సుకైనా నేను మొదట అడిగే ప్రశ్న అందుకే ఇది: ఆ గదిలో ఎవరెవరు కూర్చుంటారు?

మన దేశంలో ఆ గదులు ఎక్కడున్నాయో చూద్దాం. అన్నిటికంటే పైన ఢిల్లీలో తీస్ జనవరి మార్గ్‌లోని నేషనల్ డిఫెన్స్ కాలేజీ (ఎన్డీసీ). 1960 ఏప్రిల్ 27న మొదలైంది. నమూనా లండన్‌లో 1927లో పెట్టిన ఇంపీరియల్ డిఫెన్స్ కాలేజీ, ఇప్పుడు దాని పేరు రాయల్ కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ స్టడీస్. ఎన్డీసీ కోర్సు 47 వారాలు. బ్రిగేడియర్, కమొడోర్, ఎయిర్ కమొడోర్ స్థాయి వాళ్ళు, వాళ్ళకి సమానమైన సివిల్ సర్వీసుల వాళ్ళు, మిత్రదేశాల అధికారులు కలిసి చదువుతారు. దేశ సామాజిక పరిస్థితి దగ్గర మొదలుపెట్టి ఆర్థికం, సాంకేతికం, పొరుగు దేశాలు, చివరికి జాతీయ భద్రతా వ్యూహం దాకా వెళ్తారు. మధ్యలో చిన్న బృందాలుగా విడిపోయి విశ్లేషణ చెయ్యాలి, పర్యటనలకి వెళ్ళాలి, సొంతంగా థీసిస్ రాయాలి. దరఖాస్తు పెట్టుకుని చేరేది కాదు, ప్రభుత్వమే పంపాలి.

దాని కింది మెట్టు కల్నల్ స్థాయి. మధ్యప్రదేశ్ మౌలో ఆర్మీ వార్ కాలేజీ, గోవాలో నేవల్ వార్ కాలేజీ, సికింద్రాబాద్‌లో కాలేజ్ ఆఫ్ ఎయిర్ వార్‌ఫేర్ వాళ్ళ వాళ్ళ సర్వీసుల హయ్యర్ కమాండ్ కోర్సులు నడుపుతాయి. సికింద్రాబాద్ సైనిక్‌పురిలోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ మన తెలుగువాళ్ళకి దగ్గర్లో ఉన్నా చాలామందికి తెలియదు. 1970లో ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై 1980లో కాలేజీ అయింది. అక్కడి హయ్యర్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కోర్సు 44 వారాలు, డిగ్రీ ఉస్మానియా యూనివర్సిటీది. కొనుగోళ్ళు, బడ్జెట్, ప్రాజెక్టు నిర్వహణ, సిస్టమ్స్ అనాలిసిస్ మీద గట్టి పట్టు వస్తుంది.

ఇవన్నీ మద్రాసు, ఉస్మానియా లాంటి యూనివర్సిటీలకి అనుబంధంగా ఎందుకున్నాయంటే సైన్యానికి సొంత యూనివర్సిటీ ఇంకా లేదు కాబట్టి. కార్గిల్ యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలోని సమీక్షా సంఘం ఆ అవసరాన్ని ఎత్తిచూపింది. 2010లో కేబినెట్ సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2013 మే 23న గురుగ్రామ్ దగ్గర బినోలాలో ఇండియన్ నేషనల్ డిఫెన్స్ యూనివర్సిటీ పేరుతో శంకుస్థాపన కూడా జరిగింది. చట్టం మాత్రం రాలేదు. గుజరాత్‌లోని రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీ వేరు. అది 2020 చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది, పోలీసు, అంతర్గత భద్రత వైపు దృష్టి ఎక్కువ. ప్రకటనల్లో ఈ రెండు పేర్లనీ కలగాపులగం చేస్తుంటారు, జాగ్రత్తగా చదవండి.

ఇక మీ తమ్ముడుగారి సంగతి. మేజర్లకి అసలు ద్వారం నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లోని డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ. కోర్సు 45 వారాలు, మద్రాసు యూనివర్సిటీ ఎమ్మెస్సీ డిగ్రీ వస్తుంది. మేజర్లు, లెఫ్టినెంట్ కమాండర్లు, స్క్వాడ్రన్ లీడర్లు, విదేశీ అధికారులు, కొద్దిమంది సివిల్ అధికారులు ఉంటారు. ఆర్మీ వాళ్ళు పోటీ పరీక్ష గట్టెక్కాలి. టాక్టిక్స్, సైనిక చరిత్ర, చట్టం, పరిపాలన, వర్తమాన వ్యవహారాలు, సాంకేతికం అన్నీ అందులో ఉంటాయి. ఎన్నిసార్లు రాయొచ్చన్నదానికి పరిమితి ఉంది కాబట్టి "ఈసారి ఊరికే రాసి చూద్దాం" అనుకోకూడదు.

ఈ పరీక్షలో తెలివైనవాళ్ళు దెబ్బతినేది తెలియక కాదు, పేపరు పూర్తి చెయ్యలేక. రోజూ కంప్యూటర్ మీద పనిచేసే చెయ్యి మూడు గంటలు ఏకబిగిన రాయలేదు. రెండో కారణం, జవాబుకి ముందు అరపేజీ ఉపోద్ఘాతం. దిద్దేవాళ్ళు చూసేది అడిగినదానికి ఎన్ని పాయింట్లు చెప్పారు, ఒక్కోదాన్నీ ప్రశ్నలోని పరిస్థితికి ముడిపెట్టారా లేదా అన్నది. సైనిక చరిత్రలో కథ చెబితే మార్కులు రావు. ఆ కమాండరు ఏ సమాచారంతో ఏ నిర్ణయం తీసుకున్నాడు, దాంట్లోంచి నేటికి ఏం పట్టుకోవాలి అన్నది రాయాలి. యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ 1870 నుంచి ఉన్న సంస్థ, ఈ పరీక్షకి కరస్పాండెన్స్ కోర్సు నడుపుతుంది. చేరితే వాళ్ళిచ్చే పేపర్లు గడియారం పెట్టుకుని చేత్తో రాసి పంపాలి. నోట్సు చదువుకుని వదిలేస్తే డబ్బు దండగ. ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉంటే రోజూ నాలుగు గంటలు కుదరదు, తెల్లవారుజామున ఒక గంట, ఆదివారం ఒక పూర్తి పేపరు చొప్పున ఎనిమిది తొమ్మిది నెలలు సాగేలా వేసుకుంటే ఆగకుండా నడుస్తుంది.

ఆయన షార్ట్ సర్వీస్ కమిషన్ అయితే లెక్క మారిపోతుంది. పదేళ్ళు, ఆపైన పొడిగిస్తే ఇంకో నాలుగేళ్ళు. తొమ్మిదేళ్ళు దాటాయంటే పర్మనెంట్ కమిషనా, పొడిగింపా, బయటికా అన్నది తేల్చుకునే సమయం. బయటికి రావాలనుకుంటే డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ ద్వారా ఐఐఎంల లాంటి చోట్ల 24 వారాల మేనేజ్‌మెంట్ కోర్సులున్నాయి, ఫీజులో ఎక్కువ భాగం వాళ్ళే భరిస్తారు. దాన్ని వదులుకుని సొంత డబ్బుతో ఆరు వారాల సర్టిఫికెట్ కొనుక్కోవడంలో అర్థం లేదు.

మరొక్క మాట ఆయనకి. ప్రమోషన్ బోర్డు ముందు ఉండేది కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు, కోర్సు గ్రేడింగులు, చేసిన పోస్టింగులు. ప్రైవేటుగా చేసిన ఎగ్జిక్యూటివ్ సర్టిఫికెట్‌కి అక్కడ విలువ కట్టరు. అమ్మేవాళ్ళు "కెరీర్ ఎదుగుదల" అంటే ఆ మాట సర్వీసులో ఉన్నవాళ్ళకి వర్తించదు.

ఇప్పుడు మీ సంగతి. రాష్ట్ర సర్వీసు నుంచి నేరుగా ఎన్డీసీకి వెళ్ళే దారి లేదు. ఐఏఎస్‌లోకి వచ్చి, ఆ స్థాయికి చేరాక ఆలోచించాలి. ఐఏఎస్‌లకి శిక్షణ ఇచ్చే ముస్సోరీ అకాడమీలో జాతీయ భద్రత మీద సివిల్, మిలిటరీ అధికారుల ఉమ్మడి శిక్షణ ఉంది, కార్గిల్ నివేదిక తర్వాత 2001లో మొదలుపెట్టారు. చిన్న కోర్సే అయినా గది మంచిది. అదీ సీనియర్లకే, నామినేషన్ మీదే. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే అక్కర్లేదు, ఎందుకంటే మీ జిల్లాలోనే ఫీజు లేని పాఠశాల ఉంది. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. 2008 ముంబయి దాడుల తర్వాత తీర భద్రత మొత్తానికి నేవీ బాధ్యత వహిస్తోంది, విశాఖపట్నంలో జాయింట్ ఆపరేషన్స్ సెంటర్ ఉంది. 2019 జనవరిలో మొదలైన సీ విజిల్ విన్యాసం దేశ తీరమంతటా జరుగుతుంది. నేవీ, కోస్ట్‌గార్డ్, మెరైన్ పోలీస్, కస్టమ్స్, మత్స్యశాఖ అందరూ ఉంటారు. రెవెన్యూ తరఫున ఎవరో ఒకరు పేరుకి వెళ్ళి సంతకం పెట్టి వచ్చేస్తుంటారు. ఈసారి మీరు వెళ్ళండి. కళింగపట్నం మెరైన్ పోలీస్ స్టేషన్ బోటు ఏ స్థితిలో ఉంది, అలారం మోగితే మొదటి ఫోను ఎవరి నుంచి ఎవరికి వెళ్ళింది, ఎన్ని నిమిషాలు పట్టింది అన్నది మీ నోటుపుస్తకంలో రాసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పనిచేసినవి కూడా ఇంచుమించు ఇవే శాఖలు. ఆ వరస తెలిసినవాళ్ళకి ఈ వరస త్వరగా పట్టుబడుతుంది.

స్టాఫ్ కాలేజీల్లో నేర్పే ప్రధాన పనిముట్టు పేరు అప్రీసియేషన్. పరిస్థితిని అంచనా కట్టి నిర్ణయానికి వచ్చే పద్ధతి: లక్ష్యం, ప్రభావం చూపే అంశాలు, ఉన్న మార్గాలు, ఎంచుకున్న మార్గం, ప్రణాళిక. దాన్ని మీ జిల్లా సమస్య మీదే చేసి చూపిస్తాను, ఎందుకంటే ఏ కోర్సు అప్లికేషన్‌కైనా మీరు రాయాల్సిన వ్యాసం ఇలాంటిదే.

సమస్య: మన మత్స్యకారులు గుజరాత్‌కి వలస వెళ్ళి, వెరావల్ లాంటి రేవుల నుంచి బోట్లలో వేటకెళ్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ కొన్ని బోట్లని పట్టుకుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళే ఎక్కువగా ఉన్న 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. పదమూడు నెలలకి పైగా కరాచీ జైల్లో ఉన్నారు.

లక్ష్యం ఒక్క వాక్యంలో ఉండాలి. "మత్స్యకారుల జీవనోపాధి మెరుగుపరచి, సరిహద్దు దాటకుండా చూసి, పట్టుబడితే విడిపించడం" అని రాస్తే అవి మూడు లక్ష్యాలు, మూడు శాఖలు. ఎవరూ జవాబుదారీ కారు. "వచ్చే వేట కాలంలో శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్ చేతిలో పట్టుబడే అవకాశాన్ని, పట్టుబడితే జైల్లో ఉండే కాలాన్ని తగ్గించడం" అనండి. కాలం, చోటు, కొలత మూడూ ఉన్నాయి.

ఇక అంశాలు. సర్ క్రీక్ గుజరాత్‌కీ పాకిస్తాన్‌లోని సింధ్‌కీ మధ్య ఉన్న 96 కిలోమీటర్ల పాయ, దాని మీద రెండు దేశాలకీ ఒప్పందం లేదు కాబట్టి అక్కడినుంచి సముద్రంలోకి గీసే సరిహద్దు మీదా ఒప్పందం లేదు. అంటే బోటులో జీపీఎస్ ఉన్నా అది చూపించే గీత ఇద్దరూ ఒప్పుకున్నది కాదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒడంబడిక 73వ అధికరణం ప్రకారం, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, ప్రత్యేక ఆర్థిక జలాల్లో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా, ఆ దేశానికే వేట హక్కున్న సముద్రంలో) చేపలవేట ఉల్లంఘనకి జైలు శిక్ష వెయ్యకూడదు. రెండు దేశాలూ దాన్ని ఆమోదించాయి, అయినా ఆచరణలో జైలే. బోటు గుజరాత్ యజమానిది, నడిపే తండేలు మాట మీదే ఎటు వెళ్ళాలన్నది. మన కుర్రాళ్ళకి ఆ నిర్ణయంలో చోటు లేదు. కాలం చూస్తే తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. వలస కదిలేది ఆగస్టు 1 ముందు కొద్ది రోజుల్లో. ఏం చేసినా జులై నెలాఖరులోపే చెయ్యాలని ఈ తేదీలే చెబుతున్నాయి.

అన్నిటికంటే పదునైన అంశం ఇంకోటి ఉంది. 2008లో కుదిరిన కాన్సులర్ యాక్సెస్ ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. పట్టుబడ్డవాళ్ళని వాళ్ళ దేశపు కాన్సులర్ (దౌత్య) అధికారులు మూడు నెలల్లో కలవాలి. శిక్ష పూర్తయ్యి, జాతీయత రుజువయ్యాక నెల రోజుల్లో పంపెయ్యాలి. ఆ జాతీయత రుజువు ఎక్కడ జరుగుతుంది? ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, అక్కణ్ణుంచి జిల్లాకి, చివరికి ఊళ్ళో వీఆర్వో, పోలీసు కానిస్టేబులు దగ్గరికి వస్తుంది. జైల్లో రాసిన పేరుకీ ఆధార్‌లోని పేరుకీ అక్షరాలు కలవకపోతే, ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా వస్తే ఫైలు తిరిగి వెళ్తుంది. ఇక్కడ నెల ఆలస్యమైతే అక్కడ కనీసం నెల ఎక్కువ. జాతీయ భద్రత అంటే ఢిల్లీలో తేలేది అనుకుంటాం, ఈ సమస్యలో ఒక ముఖ్యమైన మీట మీ టేబుల్ మీదే ఉంది.

మార్గాలు చూడండి. మొదటిది, వలసే అక్కర్లేకుండా ఇక్కడ రేవు కట్టడం. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బర్ ఆ దిశలోదే. మంచిది, కానీ ఏళ్ళు పడుతుంది, మీ లక్ష్యం వచ్చే సీజను. రెండోది, వెళ్ళేవాళ్ళని వెళ్ళనిచ్చి ప్రమాదం తగ్గించడం: జులైలో ఊరూరా నమోదు, ప్రతి మనిషికీ ఫొటో, ఆధార్, బయోమెట్రిక్ కార్డు నకలు, బోటు రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని ఫోను, తండేలు పేరు. ట్రాన్స్‌పాండర్ (బోటు ఎక్కడుందో పంపే పరికరం) లేని బోటు ఎక్కొద్దని చెప్పడం, యజమానుల జాబితాని గుజరాత్ మత్స్యశాఖతో సరిచూసుకోవడం. మూడోది, పట్టుబడ్డాక వేగం: నమోదు వివరాలు ముందే సిద్ధంగా ఉంటే రుజువు వారంలో వెళ్ళిపోతుంది. రెండు, మూడు కలిపి ఎంచుకోవాలి. ఒక్క పని రెండిటికీ పనికొస్తుంది కాబట్టి. ఖర్చు ప్రధానంగా మనుషుల సమయమే. ప్రణాళికలో ఏ తేదీకి ఎవరు ఏం చేస్తారో పేరు పెట్టి రాయాలి. "సంబంధిత శాఖలు సమన్వయం చేసుకోవాలి" అన్న వాక్యం కనిపిస్తే స్టాఫ్ కాలేజీలో పాఠం చెప్పే అధికారి ఎర్రసిరాతో కొట్టేస్తాడు.

ఈ పద్ధతిలో సాధారణంగా దొర్లే తప్పు ఒకటుంది. నిర్ణయం ముందే మనసులో తీసేసుకుని, దానికి సరిపోయే అంశాలే ఏరుకుని పైన పేర్చడం. మార్గాలు మూడు చూపిస్తారు గానీ రెండు పనికిరావని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. దీనికి విరుగుడు, మీకు నచ్చని మార్గాన్ని సమర్థిస్తూ ఒక పేజీ నిజాయితీగా రాయడం. ఇక్కడైతే హార్బరే ముందు అని వాదించి చూడండి. వలసతో ఊళ్ళో చదువులు ఆగిపోవడం, తీరంలో కళ్ళు తక్కువైపోవడం లాంటివి అప్పుడు బయటపడతాయి. ఊళ్ళో వయసు మగవాళ్ళు తొమ్మిది నెలలు లేకపోతే కొత్త బోటు కనిపించినప్పుడు మెరైన్ పోలీసుకి చెప్పేదెవరు? ఈ ప్రశ్న వ్యాసంలో ఉంటే చదివేవాళ్ళు ఆగి రెండోసారి చదువుతారు.

ఇలాంటి వ్యాసం పదిహేను వందల పదాల్లో రాసి చేతిలో పెట్టుకోండి. కౌటిల్యుడి సూక్తితో మొదలుపెట్టొద్దు, అప్లికేషన్లలో సగం అలాగే మొదలవుతాయి. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే వాడాలి. ఆఫీసు ఫైల్లోది ఒక్క అంకె కూడా వద్దు.

అది చేతిలో ఉన్నాక కోర్సులు చూడండి. చిన్నగా మొదలుపెట్టాలంటే బెంగళూరులోని తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ పన్నెండు వారాల గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ నడుపుతుంది. ఉద్యోగం చేస్తూ చదవొచ్చు, అసైన్‌మెంట్లు కచ్చితంగా దిద్దుతారు. లోతుగా కావాలంటే మద్రాసు, పుణె యూనివర్సిటీల డిఫెన్స్ స్టడీస్ విభాగాలు పాతవి, గట్టివి. జేఎన్‌యూలో జాతీయ భద్రతకి ప్రత్యేక కేంద్రం ఉంది. విదేశాల్లో హార్వర్డ్ కెనెడీ స్కూల్ సీనియర్ అధికారులకి జాతీయ, అంతర్జాతీయ భద్రత మీద ఎగ్జిక్యూటివ్ కోర్సు నడుపుతుంది. లండన్ కింగ్స్ కాలేజీ వార్ స్టడీస్ విభాగం, సింగపూర్ రాజరత్నం స్కూల్ చదువులో పేరున్నవి. హొనొలులులోని ఆసియా పసిఫిక్ సెక్యూరిటీ సెంటర్‌కి ప్రభుత్వం నామినేట్ చేస్తేనే వెళ్ళగలం.

మీకొచ్చిన ప్రకటన విషయంలో డబ్బు కట్టేముందు వాళ్ళకి ఈమెయిల్ రాసి కొన్ని అడగండి, ఫోన్లో వద్దు, జవాబు రాతలో ఉండాలి. పాఠాలు చెప్పేది యూనివర్సిటీ శాశ్వత అధ్యాపకులా, మధ్యలో ఉన్న ఎడ్‌టెక్ కంపెనీ పెట్టుకున్న ట్యూటర్లా? కిందటి బ్యాచ్‌లో ఏ దేశాల, ఏ రంగాల వాళ్ళు ఎంతమంది? ముందే రికార్డు చేసిన వీడియోలు ఎన్ని గంటలు, ప్రత్యక్ష చర్చ ఎన్ని గంటలు? అసైన్‌మెంటు దిద్ది లిఖితపూర్వకంగా వ్యాఖ్య ఇచ్చేది ఎవరు? చెప్పిన ఫీజులో 18 శాతం జీఎస్టీ కలిసిందా? ప్రత్యక్ష చర్చ మొత్తంలో మూడోవంతు కూడా లేకపోయినా, కిందటి బ్యాచ్ వివరాలు ఇవ్వడానికి తటపటాయించినా వదిలెయ్యండి. వీడియోల పాటి సరుకు యూట్యూబులోనే ఉచితంగా దొరుకుతుంది. "సర్టిఫికెట్" అంటే డిగ్రీ కాదు. "యూజీసీ గుర్తింపు" అని అందులో రాశారంటే ఏ కోర్సుకి, ఏ ఉత్తర్వుతో అని అడగాలి.

అనుమతుల దగ్గర చాలామంది చిక్కుకుంటారు, కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. మీరు ప్రవర్తనా నియమాల కింద ఉన్నారు. కోర్సులో చేరే ముందు పై అధికారి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి, కోర్సు వివరాలు, సమయాలు, ఫీజు ఎవరు కడుతున్నారో జతచెయ్యండి. విదేశీ సంస్థ ప్రయాణం, బస భరిస్తానంటే అది విదేశీ ఆతిథ్యం. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) 6వ సెక్షన్ కింద హోంశాఖ ముందస్తు అనుమతి ఉండాలి. ఎఫ్‌సీ-2 ఫారం ఆన్‌లైన్లో ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు చేరాలి. శాఖ అనుమతి దానికి జతచెయ్యాలి కాబట్టి మీరు పని మొదలుపెట్టాల్సింది రెండు నెలల ముందు. శాఖ ఫైలు ఆగడం వల్ల సీటు వచ్చీ ఆగిపోయేవాళ్ళే ఎక్కువ.

తమ్ముడుగారికి నియమాలు ఇంకా గట్టివి. 1954 ఆర్మీ రూల్స్‌లో 21వ నియమం ప్రకారం సర్వీసు విషయాల మీద ముందస్తు అనుమతి లేకుండా ప్రచురించకూడదు, ప్రసంగించకూడదు. విదేశీ ఆన్‌లైన్ కోర్సుల్లో మొదటి అసైన్‌మెంటే "మీ సంస్థ ఎదుర్కొంటున్న సవాలు రాయండి" అని ఉంటుంది. అడిగేవాళ్ళకి దురుద్దేశం ఉండనక్కర్లేదు, కానీ యూనిట్ పేరు, చోటు, సామగ్రి కొరత అందులోకి వచ్చాయంటే అధికార రహస్యాల చట్టం దాకా వెళ్తుంది. బ్యాచ్ వాట్సాప్ గ్రూపు, లింక్డ్‌ఇన్ ప్రొఫైలు కూడా అంతే. హోదా, పోస్టింగ్ పెట్టాక వారంలో "పరిశోధన కోసం" అంటూ అపరిచితుల సందేశాలు మొదలవుతాయి, వాటిలో డబ్బు ఇస్తామనేవీ ఉంటాయి. 2020 జులైలో ఆర్మీ 89 యాప్‌లు తీసెయ్యమన్నది ఇలాంటి ప్రమాదాల వల్లే.

సెలవు పెట్టి పూర్తికాలం చదవాలనుకుంటే కేంద్ర ఉద్యోగులకి స్టడీ లీవు సర్వీసు మొత్తంలో 24 నెలలు, మామూలుగా ఒక విడతకి 12 నెలలు. తిరిగొచ్చాక కొన్నేళ్ళు పనిచేస్తామని బాండు రాయాలి. మీకు రాష్ట్ర నియమాలు వర్తిస్తాయి, సెక్రటేరియట్ రెవెన్యూ శాఖలో మీ సర్వీసు విభాగాన్ని అడిగి తాజా ఉత్తర్వు నకలు తీసుకోండి.

ఈ జవాబు చదివే కుర్రాళ్ళకి ఒక మాట. కోరుకొండ సైనిక్ స్కూల్లోనో, విజయనగరం కాలేజీల్లోనో చదువుతూ ఇలాంటి కోర్సుల గురించి అడుగుతున్నారు. ఇవి పదేళ్ళ పని అనుభవం మీద నిలబడే చదువులు. ఇప్పుడు మీకు కావాల్సింది ఎన్డీఏ, సీడీఎస్, లేదా డిగ్రీ తర్వాత డిఫెన్స్ స్టడీస్ ఎమ్మే. ఆ సబ్జెక్టుకి యూజీసీ నెట్ ఉంది, అధ్యాపక వృత్తి దారి తెరిచే ఉంది.

మేడమ్, మీరు చేసే వరస ఇలా పెట్టుకోండి: ముందు ఈ సీజను మత్స్యకారుల నమోదు, తర్వాత సీ విజిల్‌లో పాల్గొనడం, ఆ రెండిటి మీదా వ్యాసం, అనుమతి ఫైలు, చివరగా కోర్సు దరఖాస్తు. వ్యాసం లక్ష్య వాక్యం ఇక్కడే కింద రాస్తే దాని మీద వివరంగా మాట్లాడుకోవచ్చు. ఆఫీసు వివరాలు మాత్రం పెట్టకండి.